పాత సోవియట్ రేంజ్‌ఫైండర్ కెమెరా నిజంగా తొలి విడతదేనా? ఫెడ్, జోర్కీ, కీవ్ కెమెరాలను భాగం భాగంగా చదివే పద్ధతి

నా చేతికి వచ్చిన మొదటి ఫెడ్ కెమెరా పై పలక మీద ఖార్కోవ్ కార్మిక కమ్యూన్ పేరు పూర్తిగా చెక్కి ఉంది. అమ్మినవారు అది 1936 నాటిదన్నారు. పలక మీది అక్షరాలూ ఆ మాటకు అడ్డు చెప్పలేదు. ఇంటికి తెచ్చి లెన్సు ముందు అంచును భూతద్దంలో చూస్తే, ద్వారబంధం ఆకారంలో ఒక చిన్న ఎర్ర అక్షరం కనిపించింది. అది రష్యన్ ‘పె’. లెన్సు అద్దాలకు కాంతి ప్రతిబింబాలను తగ్గించే పూత వేశారని చెప్పే గుర్తు. రెండో ప్రపంచ యుద్ధం తరువాతి లెన్సుల మీద ఉండే గుర్తు అది. ఆ తరువాత, షట్టర్ సెకనులో ఎన్నో వంతు సేపు తెరుచుకోవాలో చెప్పే డయల్ చూశాను: 25, 50, 100, 250, 500. యుద్ధానికి ముందరి ఫెడ్ మీద ఉండవలసిన అంకెలు అవి కావు. పలక ఒక కాలం చెబుతోంది, లెన్సు మరో కాలం చెబుతోంది, డయల్ లెన్సు పక్షాన నిలబడింది.

పై పలక మీది చెక్కడం పై పలక గురించి మాత్రమే చెబుతుందని ఆ రోజు తెలుసుకున్నాను. దాని కింద ఉన్న కెమెరా సంగతి మిగిలిన భాగాలను అడగాలి. ఈ వ్యాసమంతా ఆ అడిగే పద్ధతి గురించే. యుద్ధానికి ముందరి ఫెడ్, 1948లో పుట్టిన జోర్కీ, 1947లో మొదలైన కీవ్ — ఈ మూడింటి తొలి విడతలను గుర్తుపట్టడం మీదే ఎక్కువ సేపు నిలుస్తాను. వేషం మార్చిన కెమెరాలు ఎక్కువగా తిరిగేది ఈ మూడింటి పేరుతోనే.

ముందుగా, ఇన్ని తేడాలు ఎందుకు వచ్చాయి

కారణం తెలిస్తే తేడాలను బట్టీ పట్టనక్కరలేదు. ఖార్కోవ్ నగరంలో, ఇప్పటి ఖార్కివ్‌లో, 1927 చివర దిక్కులేని పిల్లల కోసం ఒక కార్మిక కమ్యూన్ మొదలైంది. దానికి ఫెలిక్స్ ఎద్మూందొవిచ్ ద్జెర్జీన్‌స్కీ పేరు పెట్టారు. ఆయన పేరులోని మూడు మొదటి అక్షరాలే ‘ఫెడ్’. విద్యావేత్త అంతోన్ మకారెంకో ఈ కమ్యూన్‌ను నడిపినవారు. అక్కడి కుర్రవాళ్ళు ముందు విద్యుత్ డ్రిల్లింగ్ యంత్రాలు తయారుచేశారు. తరువాత జర్మనీలో 1932లో వచ్చిన లైకా 2 కెమెరాను విప్పి, కొలిచి, 1934లో తమ కెమెరాను బయటికి తెచ్చారు.

ఒక కమ్యూన్‌లో, ఎంతో పనితనం కోరే వస్తువును, నేర్చుకుంటూ చేశారు. అందుకే తొలి ఫెడ్‌లలో ఒకదానికీ మరొకదానికీ పోలిక తప్పుతుంది. కమ్యూన్ పాలన చేతులు మారినప్పుడల్లా చెక్కడం మారింది. 1941 అక్టోబరులో జర్మన్ సైన్యం నగరాన్ని పట్టుకుంది. అంతకుముందే కార్ఖానాను సైబీరియాలోని బెర్ద్‌స్క్‌కు తరలించారు. నగరం తుదిగా విముక్తమైంది 1943 ఆగస్టులో. యుద్ధం తరువాత దేశానికి కెమెరాలు కావాలి, ఖార్కోవ్ ఇంకా కోలుకోలేదు. అందుకని మాస్కో పక్కనున్న క్రాస్నోగోర్స్క్ మెకానికల్ కార్ఖానా 1948లో అదే ఫెడ్‌ను తయారుచేయడం మొదలుపెట్టింది. జోర్కీ పుట్టింది అక్కడే. ‘జోర్కీ’ అంటే చురుకైన చూపు గలది అని అర్థం.

కీవ్ కథ దీనికి పూర్తిగా వేరు. డ్రెస్డెన్‌లో జైస్ ఐకాన్ సంస్థ 1936లో తెచ్చిన కాంటాక్స్ 2 కెమెరాకు సంబంధించిన పనిముట్లు, విడిభాగాలు, నమూనాలు యుద్ధ నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు చేరాయి. కీవ్ నగరంలోని ఆర్సెనల్ కార్ఖానాలో 1947 నుంచి అదే కెమెరా కీవ్ పేరుతో వచ్చింది. అంటే ఫెడ్ చూసి నేర్చుకుని చేసిన కెమెరా. కీవ్ మాతృక పనిముట్లతోనే చేసిన కెమెరా. ఈ రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవకూడదు.

దగ్గర ఉంచుకోవలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోగల చిన్న టార్చి, మెత్తని గుడ్డ, ఒక నోటు పుస్తకం చాలు. స్క్రూడ్రైవర్ వద్దు. కనీసం మొదటి రోజు వద్దు. విప్పిన గుర్తులు ముందే ఉన్నాయా అన్నది మీరు చూడవలసిన ఆధారాల్లో ఒకటి. మీరే విప్పితే ఆ ఆధారం పోతుంది. పాత మురికిని కూడా అప్పుడే తుడవకండి. చెక్కిన అక్షరాల గాళ్ళలో చేరిన మట్టి, గాలి తగిలి నల్లబడిన ఇత్తడి వయసుకు సాక్ష్యాలు.

నోటు పుస్తకంలో నాలుగు నిలువు గీతల గడులు గీయండి: భాగం, కనిపించినది, అది చెప్పే కాలం, ఎంత నమ్మకం. నమ్మకం గడిలో మూడే మాటలు రాయాలి: ఖాయం, బహుశా, తేలలేదు. మూడో మాట రాయడానికి మొహమాటపడకండి. నా పుస్తకంలో ఎక్కువసార్లు పడే మాట అదే.

మొదటి పని: ఏ కార్ఖానా అన్నది తేల్చడం

రష్యన్ చదవడం రాకపోయినా నాలుగైదు ఆకారాలు గుర్తుంటే సరిపోతుంది. మా చిన్నప్పుడు ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నని కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకున్న తరానికి ఈ లిపి పూర్తిగా పరాయిది కాదు. ఫెడ్ అని రాసినప్పుడు మొదటి అక్షరం నడుమ నిలువు గీత దిగిన గుండ్రటి చక్రంలా, రెండోది అద్దంలో చూసిన ఇంగ్లీషు ‘ఈ’ (E) అక్షరంలా గుండ్రంగా, మూడోది రెండు కాళ్ళ మీద నిలబెట్టిన గుడిసెలా ఉంటుంది. జోర్కీ పేరు 3 అంకెలాంటి అక్షరంతో మొదలవుతుంది. కీవ్ పేరులో రెండో అక్షరం ఇంగ్లీషు ఎన్‌ను తిరగేసినట్లు ఉంటుంది.

క్రాస్నోగోర్స్క్ కెమెరాల మీద కార్ఖానా గుర్తు ఒకటి ఉంటుంది: పక్కలు వాలిన పట్టకం, దాని గుండా వంగి సాగే కాంతి కిరణం. పేరు ‘ఫెడ్’ అని ఉండి పక్కన ఈ పట్టకం కనిపిస్తే తొందరపడి నకిలీ అనుకోకండి. క్రాస్నోగోర్స్క్‌లో తయారైన మొదటి విడత అలాగే వచ్చింది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను.

రెండో పని: ఫెడ్ పై పలక చదవడం

యుద్ధానికి ముందరి ఫెడ్ పలక మీద పేరు కింద రెండు మూడు వరసల్లో చిన్న అక్షరాలుంటాయి. కాలం మారిన కొద్దీ ఈ వరసలు మారుతూ వచ్చాయి.

అన్నిటికన్నా తొలి కెమెరాల మీద ఫెడ్ పేరు, ద్జెర్జీన్‌స్కీ పేరిట కార్మిక కమ్యూన్, ఖార్కోవ్ అని మాత్రమే ఉంటుంది. ఆ తరువాతి వాటిలో కమ్యూన్ మాట పక్కన ఆంతరంగిక వ్యవహారాల ప్రజా కమిసారియట్‌కు గుర్తుగా ఎన్.కె.వి.డి. అక్షరాలు, వాటి వెంట ఉక్రెయిన్ సోవియట్ రిపబ్లిక్‌ను సూచించే నాలుగు అక్షరాలు చేరాయి. యుద్ధానికి ముందరి చివరి సంవత్సరాల్లో ఉక్రెయిన్ స్థానంలో మొత్తం సోవియట్ యూనియన్ అక్షరాలు వచ్చాయి, ‘కమ్యూన్’ పోయి ‘ఖార్కోవ్ కంబినాత్’ (కార్ఖానాల సముదాయం) అనే మాట వచ్చింది. యుద్ధం తరువాత తయారైన వాటి మీద ఎన్.కె.వి.డి. మాట పోయింది, చివరికి ఫెడ్ పేరు, సంఖ్య మాత్రమే మిగిలాయి.

ఉక్రెయిన్‌కూ సోవియట్ యూనియన్‌కూ తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ నాలుగు అక్షరాల్లో మొదటిది ఇంగ్లీషు వై ఆకారంలో ఉంటే ఉక్రెయిన్, నెలవంకలా ఇంగ్లీషు సి ఆకారంలో ఉంటే సోవియట్ యూనియన్. ఫోటోలో ఇది సులభంగా దాటిపోతుంది. భూతద్దం పెట్టే చూడండి.

చదివాక, ఆ అక్షరాలు ఎలా చెక్కారో చూడండి. టార్చిని పలకకు దాదాపు సమాంతరంగా పెడితే గాళ్ళు నీడలతో లేస్తాయి. పాత చెక్కడంలో గాడి అంచులు చేతి వేళ్ళ వాడకంతో కొద్దిగా మెత్తబడి ఉంటాయి. ఎక్కువ చేయి తగిలే చోట ఎక్కువ, మూలల్లో తక్కువ. కొత్తగా చెక్కినవి అంతటా ఒకే పదునుతో నిలుస్తాయి. పాత పూతను కోసుకుంటూ చెక్కితే గాడిలో ఇత్తడి పచ్చగా మెరుస్తుంది. మోసం చేసేవారు దీన్ని కప్పడానికి పలక మొత్తానికి కొత్త పూత వేస్తారు. అప్పుడు పలక కొత్త గిన్నెలా మెరుస్తూ, పక్కనున్న మీటలు, గుండ్రాలు మాత్రం అరిగిపోయి కనిపిస్తాయి. ఒకే కెమెరాలో ఒక భాగం ముసలిది, మరొకటి పసిది కాలేవు.

పూత రంగు కూడా చూడాలి. తొలి ఫెడ్‌ల లోహ భాగాలకు నికెల్ పూత. అది కొంచెం వెచ్చని, పసుపు చాయ గల మెరుపు. తరువాత క్రోమ్ వచ్చింది. అది చల్లని, నీలి చాయ గల మెరుపు. పగటి వెలుగులో రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టి ఒకసారి చూస్తే ఆ తేడా మళ్ళీ మరచిపోరు. ట్యూబులైటు కింద మాత్రం చూడకండి.

మూడో పని: సంఖ్య దగ్గర పడే పొరపాటు

ఇక్కడ చాలామంది జారిపడతారు. కీవ్ కెమెరాలలో సంఖ్యలోని మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరం. 48తో మొదలైతే 1948, 52తో మొదలైతే 1952. జోర్కీ 4లోనూ, జోర్కీ ఎస్‌లోనూ అదే పద్ధతి. క్రాస్నోగోర్స్క్‌లో 1950లలో తయారైన లెన్సులకు కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ఫెడ్ 1కు, అంటే మొదటి ఫెడ్ నమూనాకు, ఇది వర్తించదు. ఫెడ్ సంఖ్యలు 1934 నుంచి వరుసగా పెరుగుతూ పోయాయి, యుద్ధం వచ్చేనాటికి లక్షన్నర దాటాయి. కాబట్టి 48 వేల చిల్లర సంఖ్య ఉన్న ఫెడ్ 1948 నాటిది కాదు, యుద్ధానికి చాలా ముందుది. దీన్ని తెలియక మంచి పాత కెమెరాను తక్కువ ధరకు అమ్ముకున్నవారున్నారు. తొలి జోర్కీ సంఖ్యలను కూడా సంవత్సరంగా చదవకండి.

సంఖ్యకూ చెక్కడానికీ పొంతన ఉందా అన్నదే ఇక్కడ పరీక్ష. నాలుగైదు వేల లోపు సంఖ్య ఉండి ‘కంబినాత్’ అని చెక్కి ఉన్నా, లక్ష దాటిన సంఖ్యతో తొలి కమ్యూన్ చెక్కడం ఉన్నా, ఏదో ఒకటి అసలుది కాదు.

నాలుగో పని: షట్టర్ డయల్

డయల్‌ను ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. ఈ కెమెరాలలో ఫిల్ము తిప్పే గుండ్రాన్ని పూర్తిగా తిప్పి షట్టర్‌ను బిగించిన తరువాతే స్పీడు మార్చాలి. డయల్ షట్టర్‌తో పాటు తిరుగుతుంది గనుక, బిగించక ముందు అది చూపే అంకెకు అర్థం లేదు. డయల్‌ను పైకి లాగి, తిప్పి, కావలసిన అంకె దగ్గర దించాలి. బలవంతం పనికిరాదు.

తొలి ఫెడ్, తొలి జోర్కీ డయల్ మీద ఇంగ్లీషు జెడ్ అక్షరం, ఆ తరువాత 20, 30, 40, 60, 100, 200, 500 ఉంటాయి. లైకా 2 డయల్ మీద ఉన్న వరుసే ఇది. ఆ జెడ్ జర్మన్ మాట ‘త్సైట్’ నుంచి వచ్చింది. మీట నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరుచుకుని ఉండే అమరిక అది. 1950ల నడుమకు వచ్చేసరికి ఈ వరుస 25, 50, 100, 250, 500గా మారింది, జెడ్ స్థానంలో ఇంగ్లీషు బి ఆకారపు అక్షరం వచ్చింది. యుద్ధానికి ముందరి ఫెడ్ మీద రెండో వరుస కనిపిస్తే డయల్‌ను తరువాత మార్చారు, లేదా కెమెరాయే తరువాతిది. మరమ్మతులో డయల్ మార్చడం అరుదు కాదు. అందుకే దీనొక్కదానితో తీర్పు ఇవ్వను.

1000 అంకె ఉన్న యుద్ధానికి ముందరి ఫెడ్ ఒకటుంది, ఫెడ్ ఎస్ అంటారు. దానికి మామూలు 3.5 లెన్సు కాక 2 అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం కొలత) గల లెన్సు వచ్చేది. డయల్‌లో 1000 మాత్రమే ఉండి లెన్సు 3.5 అయితే నమ్మకం గడిలో ‘తేలలేదు’ అని రాయండి.

ఐదో పని: లెన్సు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. లెన్సు మీద చిన్న చోటులో చాలా కాలం ఇమిడి ఉంటుంది.

ముందు అపర్చర్ అంకెలు చూడండి. యుద్ధానికి ముందరి ఫెడ్ లెన్సుల మీద 3.5, 4.5, 6.3, 9, 12.5, 18 అనే పాత ఐరోపా వరుస ఉంటుంది. తరువాతి లెన్సుల మీద 3.5, 4, 5.6, 8, 11, 16 ఉంటుంది. ఈ రెండో వరుస ఇవాళ్టి కెమెరాల్లోనూ ఉన్నదే గనుక మన కన్ను దాన్ని గమనించకుండా దాటిపోతుంది. 9, 12.5, 18 కనిపిస్తే అక్కడ ఆగండి, మీ చేతిలో ఉన్నది పాత లెన్సు.

తరువాత పూత. అద్దాన్ని ఒక పక్కకు వంచి కిటికీ ప్రతిబింబం చూడండి. పూత లేని అద్దంలో ప్రతిబింబం తెల్లగా ఉంటుంది. పూత ఉంటే నీలం, ఊదా చాయలు వస్తాయి. యుద్ధానికి ముందరి ఫెడ్ లెన్సులకు పూత లేదు. నేను ముందు చెప్పిన ద్వారబంధం ఆకారపు ఎర్ర అక్షరం ఉంటే పూత ఉన్నట్లే. పాత లెన్సుకు తరువాత ఎవరైనా పూత వేయించి ఉండవచ్చు, కానీ ఎర్ర అక్షరం చెక్కి ఉండరు.

మూడోది, నాభ్యంతరం రాసే తీరు. క్రాస్నోగోర్స్క్ తొలి లెన్సుల మీద దాన్ని సెంటీమీటర్లలో 5 అని రాశారు. తరువాత మిల్లీమీటర్లలో 50 అయింది. తొలి జోర్కీకి రావలసిన లెన్సు ఇండస్టార్ 22. మడిచి లోపలికి నెట్టగలిగే గొట్టం దానిది. ఇండస్టార్ 50 ఉంటే అది తరువాత చేరిన జత.

ఈ లెన్సులన్నీ 39 మిల్లీమీటర్ల మరతో బిగుస్తాయి గనుక దేన్నయినా దేనికైనా తగిలించవచ్చు. ఎనభై ఏళ్ళలో ఎంతమంది ఎన్నిసార్లు మార్చారో చెప్పలేం. కాబట్టి లెన్సు కొత్తదైతే కెమెరా కొత్తదని అర్థం కాదు. లెన్సు పాతదైతే కెమెరా పాతదనీ కాదు. లెన్సు సాక్షి మాత్రమే. మిగిలిన సాక్షుల మాటలతో కలిపి వినాలి.

ఆరో పని: లెన్సు విప్పి లోపల చూడడం

లెన్సును చేత్తో మెల్లగా ఎడమవైపు తిప్పితే వస్తుంది. రాకపోతే వదిలేయండి. లోపల పైభాగంలో రేంజ్‌ఫైండర్‌కు, అంటే దృశ్యం ఎంత దూరంలో ఉందో కొలిచే అమరికకు, చెందిన చిన్న మీట కనిపిస్తుంది. లెన్సు వెనుక అంచును తాకుతూ దూరాన్ని చదివేది అదే. అసలు లైకాలో ఆ మీట చివర గుండ్రటి చిన్న చక్రం దొర్లుతుంది. ఫెడ్, జోర్కీలలో చక్రం ఉండదు, చివర కోసుగా, రెక్కలా దిద్దిన లోహం ఉంటుంది. పై పలక మీద ఎవరు ఏమి చెక్కినా ఈ మీటను మాత్రం మార్చినవారు నాకు కనిపించలేదు. లైకా పేరు పెట్టుకున్న సోవియట్ కెమెరాను పట్టుకోవడానికి ఇంతకన్నా నమ్మదగిన గుర్తు నాకు తెలియదు.

యుద్ధానికి ముందరి ఫెడ్ విషయంలో ఇంకొక సంగతి ఉంది, ఇది చరిత్ర మాత్రమే కాదు, వాడకానికీ ముఖ్యం. లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ముకు ఉన్న దూరం లైకాలో 28.8 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. తొలి ఫెడ్‌లలో ఈ దూరం కెమెరాకూ కెమెరాకూ మారేది. ప్రతి కెమెరాకు దాని లెన్సును విడిగా సరిచేసి జతపరచేవారు. అందుకే తొలి ఫెడ్ దాని జత లెన్సుతో చక్కగా పనిచేసి, మరో లెన్సు పెట్టగానే దృశ్యం మసకబారుతుంది. ఇది లోపమని అనుకుని సరిచేయించకండి. ఎవరో ఒక కుర్రవాడు ఆ రెండింటినీ కలిపి కూర్చున్న పని అది. జత చెదరని తొలి ఫెడ్ దొరికితే లెన్సునూ కెమెరానూ ఎప్పుడూ వేరుచేయకండి.

కింది పలకను తీసినప్పుడు ట్రైపాడ్ బిగించే రంధ్రం కూడా చూడండి. ఫెడ్ 1, జోర్కీ 1లలో అది 3/8 అంగుళాల పెద్ద మర. ఇప్పటి 1/4 అంగుళం స్టాండు సరిపోయిందంటే లోపల చిన్న గొట్టం బిగించి ఉంటారు.

జోర్కీ: ఒక పేరు మెల్లగా మారిన తీరు

క్రాస్నోగోర్స్క్ మొదటి కెమెరాల మీద పేరు ఫెడ్, గుర్తు పట్టకం, 1948 సంవత్సరం. తరువాత అదే పలక మీద ఫెడ్, జోర్కీ అనే రెండు పేర్లూ కలిసి వచ్చాయి. ఆ తరువాత ఫెడ్ మాట పోయి జోర్కీ ఒక్కటే మిగిలింది. మొదటి రెండు రకాలూ కొద్ది కాలమే వచ్చాయి గనుక ధర ఎక్కువ, ధర ఎక్కువ గనుక నకిలీలు ఎక్కువ. మామూలు జోర్కీ 1 పలకను గీకి పాత పేరు చెక్కడం కష్టం కాదు.

ఇక్కడ నేను చూసేవి మూడు. డయల్ 20, 30, 40 వరుసలో ఉందా? లెన్సు సెంటీమీటర్ల రాతతో ఉన్న తొలి ఇండస్టార్ 22నా? పట్టకం గుర్తు గీతలు పేరు అక్షరాల లోతుకు, వాటి అరుగుదలకు సరితూగుతున్నాయా? పట్టకం గాళ్ళు పాతవై పేరు గాళ్ళు కొత్తవైతే, పేరు తరువాత మార్చారు. ఈ మూడో పరీక్షకు పక్క వెలుగు తప్ప మరేమీ అక్కరలేదు, అయినా చాలామంది చేయరు.

మామూలు జోర్కీ 1 కెమెరాలు 1956 వరకు వచ్చాయి. వాటిలో తొలి, తరువాతి విడతలను డయల్ అంకెలే బాగా విడదీస్తాయి. జోర్కీ 4 గురించి ఒక్క మాట చాలు: 1956లో మొదలైంది, సంఖ్యలోనే సంవత్సరం ఉంటుంది. తొలి వాటి డయల్ 5, 10, 25, 50, 100 వరుసలో, తరువాతివి 4, 8, 15, 30, 60, 125 వరుసలో ఉంటాయి. తొలి వాటిలో పేరు చెక్కి ఉంటుంది, చివరి వాటిలో అచ్చు వేసి ఉంటుంది. 1955లో వచ్చిన ఫెడ్ 2లో తొలి విడతకు ఫ్లాష్ తీగ పెట్టే రంధ్రం గానీ, తనంతట తాను తీసుకునే టైమర్ మీట గానీ ఉండవు. ఆ రెండూ తరువాత ఒకదాని వెంట ఒకటి చేరాయి.

కీవ్: జర్మన్ ఎముకల మీద సోవియట్ చర్మం

కీవ్ 2కు వెలుగు కొలిచే మీటర్ లేదు, కీవ్ 3కు పైన మీటర్ పెట్టె ఉంటుంది. ఈ రెండింటికీ ఫ్లాష్ అమరిక చేర్చినప్పుడు పేరు చివర ‘ఎ’ చేరి 2ఎ, 3ఎ అయ్యాయి. కాబట్టి ఫ్లాష్ తీగ రంధ్రం ఉన్న కెమెరాను ఎవరైనా 1948 నాటి కీవ్ 2 అంటే ఆ మాట నిలవదు.

47, 48 సంఖ్యల కీవ్‌లలో జర్మనీ నుంచి వచ్చిన కాంటాక్స్ భాగాలు వాడారు. కొన్నిటిలో కీవ్ పేరు పలకను లోపలి వైపు చూస్తే పాత కాంటాక్స్ అక్షరాల జాడ దొరికింది. దాన్ని చూడాలంటే కెమెరా విప్పాలి. అది అనుభవం ఉన్న మెకానిక్ పని, మన పని కాదు. బయటి నుంచే గమనించగలది పనితనం. మీటలు తిరిగే మెత్తదనం, క్రోమ్ నునుపు, అతుకుల బిగువు తొలి కీవ్‌లలో వేరుగా ఉంటాయి. 1950ల చివరి కీవ్‌ను, 1948 కీవ్‌ను ఒకే రోజు చేతిలో పట్టుకున్నవారికి ఇది వివరించనక్కరలేదు.

లెన్సు ఇక్కడ గట్టి సాక్షి. తొలి కీవ్‌లకు వచ్చిన లెన్సుల మీద రెండే అక్షరాలుంటాయి: జోర్కీ పేరు మొదట్లో చూసిన ఆ 3 అంకెలాంటి అక్షరం, పక్కన కె. జర్మన్ సొన్నార్ నమూనాకు రష్యన్ పలుకుబడి జొన్నార్. ‘క్రాస్నోగోర్స్క్ జొన్నార్’ అన్నదానికి ఆ రెండూ పొట్టి అక్షరాలు. జర్మన్ గాజుతో వాటిని చేశారు. తరువాత అదే లెన్సు జూపిటర్ 8 అనే పేరుతో కొనసాగింది. 47 సంఖ్య గల కీవ్‌కు 55 సంఖ్య గల జూపిటర్ 8 ఉంటే ఆ లెన్సు తరువాత చేరినదే. కెమెరా అసలుది కావచ్చు, జత మాత్రం అసలుది కాదు. కొనేటప్పుడు ఆ తేడా ధరలో కనిపించాలి.

వేషం మార్చిన కెమెరాలు

1936 బెర్లిన్ ఒలింపిక్స్ గుర్తు, జర్మన్ వైమానిక దళం గద్ద, నౌకాదళం ముద్ర ఉన్న ‘లైకా’లు, బంగారు పూత, పాము చర్మం, చెక్క తొడుగులు వేసినవి — వీటిలో నా చేతికి వచ్చిన ప్రతి ఒక్కటీ ఫెడ్ లేదా జోర్కీగానే తేలింది. లెన్సు విప్పి ఆ మీట చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. లెన్సు మీద ఎల్మార్ అని లైకా లెన్సు పేరు చెక్కినా గొట్టం ఇండస్టార్‌ది. ఇలాంటివి కొనకూడదని నేను అనను, చాలా వరకు చక్కగా ఫోటోలు తీస్తాయి. లైకా ధర మాత్రం పెట్టకండి. ఒక మంచి సోవియట్ కెమెరా సొంత పేరును చెరిపేసి దొంగ పేరు పెట్టడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

దూరం నుంచి కొనేటప్పుడు అడగవలసిన ఫోటోలు

అమ్మేవారు పంపే ఒకే ఒక్క అందమైన ఫోటోతో ఏదీ తేలదు. పై పలకను నిటారుగా పై నుంచి, పక్క వెలుగులో తీసిన ఫోటో, స్పీడు డయల్ దగ్గరి ఫోటో, లెన్సు ముందు అంచు మొత్తం కనిపించే ఫోటో, లెన్సు విప్పి లోపలి మీట కనిపించే ఫోటో, కింది పలక రెండు వైపులా తీసిన ఫోటో, బయటి స్క్రూల తలల ఫోటో అడగండి. స్క్రూల గాళ్ళు నలిగి ఉంటే కెమెరాను విప్పారని తెలుస్తుంది. విప్పడం తప్పు కాదు, ఇన్నేళ్ళలో మరమ్మతు సహజం. కానీ విప్పిన కెమెరాలో భాగాలు మారే అవకాశం ఉంటుంది. కార్ఖానా ఇచ్చిన చిన్న పత్రాన్ని రష్యన్‌లో పాస్‌పోర్టు అంటారు. అది ఉందా అని తప్పక అడగండి. దానిలోని సంఖ్య కెమెరా సంఖ్యతో సరిపోతే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

లెన్సు విప్పిన ఫోటో పంపడానికి ఒప్పుకోనివారి దగ్గర నేను కొనను.

చివరిగా నోటు పుస్తకం దగ్గర

గడులన్నీ నిండాక వాటిని కాలం వరుసలో చూడండి. అన్ని భాగాలూ ఒకే కాలాన్ని చూపితే ఆ కాలం ఖాయం. ఒక్క లెన్సు మాత్రమే విడిగా ఉంటే, కెమెరా కాలం నిలుస్తుంది, జత చెదిరింది. డయల్, లెన్సు, పూత ఒక పక్కన ఉండి చెక్కడం ఒక్కటే ఎదురు తిరిగితే చెక్కడాన్నే అనుమానించాలి. నా మొదటి ఫెడ్ విషయంలో జరిగింది ఇదే. మూడు భాగాలు 1950లు అన్నాయి, పలక ఒక్కటే 1936 అంది. పక్క వెలుగులో చూస్తే ఆ పలక గాళ్ళలో ఇత్తడి మెరిసింది.

ఆ కెమెరాను అమ్మలేదు. పలక మీద ఏముందో, అసలు కాలం ఏదో ఒక చిన్న కాగితం మీద రాసి, తోలు తొడుగు లోపల పెట్టాను. నా తరువాత ఎవరి చేతికి వెళ్ళినా ఆ కాగితం దానితోనే వెళ్తుంది. మీరు పరీక్షించిన ప్రతి కెమెరాకూ అలాంటి కాగితం ఒకటి, తేదీతో సహా, రాసి పెట్టండి.